గ్లాసు కొలత నుంచి అచ్చు పుస్తకం దాకా: ఇంట్లో బేకింగ్ చేసేవాళ్లకి ఒక దారి

నంద్యాల నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "నువ్వు చెప్పినట్టే చేశానే, రాయిలా వచ్చింది. పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి బావుంటుందంటున్నారు మీ బాబాయి." నేను చెప్పింది అరటిపండు కేకు. మా ఇంట్లో నెలకి రెండుసార్లు చేస్తాను, ఏనాడూ చెడింది లేదు. అరగంట కూపీ లాగితే తేలింది: నేను "గ్లాసున్నర మైదా" అన్నాను. మా ఇంట్లో గ్లాసంటే కాఫీ గ్లాసు, వాళ్లింట్లో మజ్జిగ గ్లాసు. పిండి పెరిగింది, అరటిపండ్లు మాత్రం నేను చెప్పిన మూడే.

అంతవరకూ నాకు యాభై అరవై రకాలు వచ్చనుకునేదాన్ని. వచ్చింది చేతికి, కాగితం మీదకి రాలేదు.

సరదాగా బేకింగ్ మొదలుపెట్టి, నలుగురూ బావుందన్నాక "పుస్తకం వేస్తే ఎలా ఉంటుంది?" అనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి, మీకు ఫోన్ చేయకుండా, తన వంటింట్లో మీ పేజీ ముందు పెట్టుకుని కేకు దించగలగాలి. కింద చెప్పేదంతా దానికోసమే. రెండేళ్లు పడుతుందని లెక్క వేసుకోండి. నాకు మూడేళ్లు పట్టింది, అందులో ఆరు నెలలు నా మొండితనం వల్ల పోయినవి.

ముందు కాటా కొనండి

ఒక్కో గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా వెయ్యి రూపాయల లోపే వస్తుంది. కొత్త టిన్నులు, అచ్చులు, నాజిళ్లు తర్వాత కొనుక్కోవచ్చు.

మైదా డబ్బాలో కప్పు ముంచి తవ్వి తీస్తే అది 150 గ్రాముల దాకా తూగుతుంది. అదే కప్పుని చెంచాతో వదులుగా నింపి, పైన చాకుతో చదును చేస్తే 120, 125. రెండు కప్పులు పట్టే కేకులో 50 గ్రాములు ఎక్కువో తక్కువో అయిపోతుంది. పైగా కప్పు అన్ని చోట్లా ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన బజార్లో దొరికే సెట్లలో కొన్ని 240, కొన్ని 250. కాబట్టి మైదా, పంచదార, వెన్న, పాలు అన్నీ గ్రాముల్లో రాసుకోండి. గుడ్లు కూడా. అమెరికా పుస్తకాల్లో "లార్జ్" గుడ్డంటే పెంకు తీసేశాక సుమారు 50 గ్రాములు. మా వీధి కిరాణా కొట్టు గుడ్లు పగలగొట్టి తూస్తే 42 నుంచి 50 దాకా వచ్చాయి. మూడు గుడ్ల కేకులో అది దాదాపు అర గుడ్డు తేడా.

వంట సోడా, బేకింగ్ పౌడర్, ఈస్ట్ లాంటివి ఇంటి కాటా మీద సరిగ్గా తేలవు. వాటికి కొలత చెంచాలే: టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 15, పైన గీసి చదును చేసి. మా ఇంట్లో కాఫీలో తిప్పుకునే చెంచాలు నాలుగు తీసి నీళ్లతో కొలిచి చూశాను. ఏ రెండూ కలవలేదు.

ఇక నోటుబుక్కు. ఒక్కో ప్రయత్నానికి ఒక పేజీ. తేదీ, ఎన్నోసారి, ఏం మార్చాను, ఏ టిన్ను, ఓవెన్లో ఏ అర, ఎన్ని నిమిషాలు, ఏమైంది. నా దాంట్లో ఒక పేజీ ఇలా ఉంటుంది:

"జూన్ 14. రాగి బిస్కట్లు, నాలుగోసారి. బెల్లం 70 నుంచి 60కి తగ్గించా. 170 డిగ్రీలు, మధ్య అర, 15 నిమిషాలు. అంచులు బావున్నాయి, నడుమ మెత్తన. చల్లారాక కూడా ఫెళ్లున విరగలేదు. పొద్దుటినుంచీ వాన. ఈసారి 18 నిమిషాలు ఉంచాలి, బెల్లం జోలికి పోకూడదు."

ఆఖరి ముక్కే ముఖ్యం. ఒకసారికి ఒకటే మార్చాలి. బెల్లమూ తగ్గించి, వేడీ పెంచి, పిండీ మారిస్తే, బాగా వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. చెడినదాన్ని కొట్టేయకండి, పేజీ చింపకండి. "ఇలా చేస్తే గట్టిపడుతుంది" అని పుస్తకంలో చెప్పగలిగేది ఆ పేజీల వల్లే. నేను పోగొట్టుకున్న ఆరు నెలలూ ఇక్కడే: మొదట్లో బాగా వచ్చినవే రాసేదాన్ని, తర్వాత సగం మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఓవెన్ ముల్లుని నమ్మొద్దు

నా పాత ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) ముల్లు 180 దగ్గర పెడితే లోపల 160 దాటేది కాదు. నాకా సంగతి నాలుగేళ్లు తెలియదు, నా కేకులన్నీ దానికే అలవాటు పడిపోయాయి. ఓవెన్ లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ పెట్టి, ఖాళీగా 20 నిమిషాలు వేడి చేసి చూడండి. 150, 180, 200 దగ్గర ఎంత చూపిస్తుందో రాసి తలుపు మీద అంటించండి. పుస్తకంలోకి వెళ్లేది థర్మామీటర్ చూపించిన అంకె.

వేడి ఎటు ఎక్కువో తెలుసుకోవడానికి ఒక చవక పద్ధతి ఉంది. ట్రే నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 180 దగ్గర పది నిమిషాలు ఉంచండి. ఏ మూల ముక్క ముందు మాడిందో ఆ మూలే మీ బిస్కట్లని కూడా మాడుస్తున్నది. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి 15, 20 డిగ్రీలు తగ్గించాలి. కుక్కర్లో చేసేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు: అడుగున ఉప్పో ఇసుకో పోసి, రబ్బరూ విజిలూ తీసేసి. వాళ్లకీ పనికొచ్చే వంటలేవో విడిగా చెప్పాలి, "కుక్కర్లో కూడా చేయవచ్చు" అని అన్నిటికీ అంటించేయడం మోసం.

ఇంకో మాట. ఇంగ్లిష్ పుస్తకాల్లో వెన్న "రూమ్ టెంపరేచర్"లో ఉండాలంటారు. వాళ్ల గది 20, 22 డిగ్రీలు. మే నెలలో బెజవాడలో ఆ మాట నమ్మి వెన్న బయట పెడితే తిరిగొచ్చేసరికి గిన్నెలో నూనెలా తేలుతుంది. నా పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. "వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలు లోపలికి జారిపోకూడదు, ఎండాకాలం ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే ఇలా అవుతుంది" అని రాశాను. ఈస్ట్ పిండీ అంతే. గంటన్నరలో పొంగాలని పుస్తకం అంటుంది, మన వేసవిలో నలభై నిమిషాలకే గిన్నె దాటుతుంది. గడియారం కంటే "రెట్టింపు అయ్యేదాకా" అన్నదే నిజమైన కొలత.

ఏ పుస్తకం?

"కేకులు, బిస్కట్లు, బ్రెడ్లు, పఫ్‌లు, పిజ్జాలు: 200 రకాలు" అనే పుస్తకం వేయకండి. రెండు వందలు పరీక్షించడం ఒక మనిషి వల్ల కాదు. పరీక్షించకుండా వేస్తే అది వంటల పుస్తకం కాదు, వంటల పేర్ల పుస్తకం. యాభై, అరవై చాలు, కానీ వాటి మధ్య ఒక దారం ఉండాలి.

ఆ దారం మీ ఇంట్లోనే దొరుకుతుంది. నోటుబుక్కు తిరగేసి, జనం మిమ్మల్ని పదేపదే ఏది అడిగారో చూడండి. జొన్న, రాగి పిండితో బేకింగ్ చేసేవాళ్లుంటారు. గుడ్డు తినని ఇళ్ల కోసం పెరుగు, సోడాతో పొంగించేవాళ్లుంటారు. గుంటూరు, కృష్ణా జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్‌కి చేసే కేకులూ గులాబీ పువ్వులూ చేసేవాళ్లు, హైదరాబాద్ ఇరానీ కేఫుల బిస్కట్లూ దిల్‌పసంద్‌లూ (లోపల కొబ్బరి పెట్టి కాల్చేవి) ఇంట్లో దించగలిగేవాళ్లు ఉంటారు. ఒక్కోటి ఒక్కో పుస్తకం. నాది మూడోసారి ఆలోచిస్తే దొరికింది: మన కిరాణా కొట్లో దొరికే సరుకులతోనే బేకింగ్. క్రీమ్ చీజ్ కోసం, వెనిలా కాయ కోసం ఊరంతా తిరగకుండా.

వంటల ముందు నాలుగైదు పేజీలు సరుకుల గురించి రాయండి. పాఠకులు వదిలేస్తారని మనం అనుకునే ఆ పేజీలే ఎక్కువ నలుగుతాయి. ఉదాహరణకి, చిన్న డబ్బాల్లో అమ్మే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. చెయ్యి పడిపోయేలా గిలక్కొట్టినా నిలబడదు. నిలబడాలంటే కనీసం 30, 35 శాతం ఉండాలి. మామూలు ఉప్పు వెన్నలో 100 గ్రాములకి సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. సోడా పనిచేయాలంటే పెరుగో, నిమ్మరసమో, బెల్లమో ఏదో ఒక పులుపు తోడుండాలి. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిసి ఉంటుంది. ఇంతే, ఇలాంటివి.

టిన్నుల పట్టిక కూడా. 6 అంగుళాల గుండ్రటి టిన్ను నుంచి 8 అంగుళాలకి వెళ్తే పిండి ఎంత పెంచాలి? చాలామంది మూడోవంతు పెంచితే సరిపోతుందనుకుంటారు. వైశాల్యం 36 కి 64 నిష్పత్తి కాబట్టి దాదాపు 1.8 రెట్లు కావాలి. 7 అంగుళాల చదరపు టిన్నూ 8 అంగుళాల గుండ్రటి టిన్నూ ఇంచుమించు ఒకటే.

వంట ముందు చిన్న కథ రాయాలనిపిస్తుంది, రాయండి. కానీ విన్నదాన్ని చరిత్ర చేయకండి. ఉస్మానియా బిస్కట్ పుట్టుక గురించి హైదరాబాద్‌లో రెండు మూడు కథలు తిరుగుతాయి. ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసమనేది ఒకటి, నిజాం ఇష్టపడ్డాడనేది ఒకటి. "అని చెప్పుకుంటారు" అంటే పోయేదేమీ లేదు.

పరాయి వంటింట్లో పరీక్ష

పుస్తకం ఇక్కడే తయారవుతుంది. మీరు మూడుసార్లు వరసగా ఒకేలా దించిన వంటనే బయటికి ఇవ్వండి. తర్వాత కనీసం ఇద్దరు, వేర్వేరు ఇళ్లలో, మీరు రాసిన కాగితం ఒక్కటే చూసి చేయాలి.

మనుషుల్ని జాగ్రత్తగా ఎంచుకోండి. బాగా చేయి తిరిగినవాళ్లు పనికిరారు. మీ తప్పుని వాళ్ల తెలివితో సర్దేస్తారు. మీ అమ్మగారూ వద్దు, బావుందనే అంటారు. నా బృందంలో ఐదుగురు: నంద్యాల పిన్ని (కుక్కరు), కింద వాటాలో ఉండే ఇంజినీరింగ్ అబ్బాయి (అంతకుముందు ఆమ్లెట్ తప్ప ఎరగడు), కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్న మా వదిన, వైజాగ్‌లో మా స్నేహితురాలు (సముద్రపు తేమ, బిస్కట్లకి అసలు పరీక్ష), డాలస్‌లో మా ఆడపడుచు. డాలస్ ఎందుకంటే, తెలుగు పుస్తకం కొనేవాళ్లు అక్కడా ఉన్నారు. వాళ్ల ఓవెన్ ఫారెన్‌హీట్‌లో ఉంటుంది (180 డిగ్రీలంటే వాళ్లకి 350), వెన్న ఎక్కువగా ఉప్పు లేనిది, వాళ్ల ఆల్ పర్పస్ పిండి మన మైదా కంటే కాస్త ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. మా ఆడపడుచు పంపిన మొదటి ఫొటోలో బన్నులు క్రికెట్ బంతుల్లా ఉన్నాయి. ఆ పేజీ కింద "పిండి గట్టిగా అనిపిస్తే పాలు ఒక్కో చెంచా చొప్పున, మూడు చెంచాల వరకు" అన్న వాక్యం అలా వచ్చింది.

"ఎలా వచ్చింది?" అని అడగకండి. అడిగితే "సూపర్" అంటారు. కాగితం మీద ప్రశ్నలు ఇవ్వండి: ఎక్కడ ఆగి రెండోసారి చదివారు? ఏ సరుకు దొరకలేదు, బదులు ఏం వేశారు? ఎన్ని నిమిషాలకి తీశారు? ఎన్ని బిస్కట్లు వచ్చాయి? అడ్డంగా కోసి ఫొటో పంపండి. పైనుంచి ఏ కేకైనా అందంగానే ఉంటుంది, లోపల పచ్చిగా ఉందో లేదో కోస్తేనే తెలుస్తుంది. సరుకుల ఖర్చు మీరే ఇవ్వండి. లేకపోతే తప్పు దొర్లిన రోజున వాళ్లు మొహమాటపడి చెప్పరు.

ఒకసారి వీలైతే పక్కనే కూర్చుని చూడండి, నోరు మెదపకుండా. మా కింది వాటా అబ్బాయి "పంచదార, వెన్న నురగగా కలపాలి" అన్న వాక్యం చదివి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి, నా వంక చూసి, తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాడు. నురగ అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా వాక్యం ఇలా ఉంది: "బీటరుతో 4 నిమిషాలు కలపండి. వెన్న పసుపు పోయి పాలిపోతుంది, గిన్నె అంచులకి ఎగబాకుతుంది, వేళ్ల మధ్య నలిపితే పంచదార గరుకు కొద్దిగానే తగులుతుంది."

కాగితం మీద పెట్టడం

నా పాత నోటుబుక్కులో ఉస్మానియా బిస్కట్ ఇది:

"మైదా కప్పు పైన కొంచెం, కస్టర్డ్ పౌడర్, వెన్న అర కప్పు, పంచదార తగినంత, ఉప్పు. కలిపి బిస్కట్లు చేసి రంగు వచ్చేదాకా."

పుస్తకంలోకి వెళ్లింది ఇది:

"18 బిస్కట్లకి. ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, పొడి చేసిన పంచదార 60, మైదా 150, కస్టర్డ్ పౌడర్ 25, పాలపొడి 15, ఉప్పు అర టీస్పూన్, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, యాలకుల పొడి పావు టీస్పూన్, పాలు పిండిలోకి 1 టేబుల్ స్పూన్, పైన రాయడానికి విడిగా మరికొన్ని. (ఉప్పు వెన్న వాడితే విడిగా చిటికెడు ఉప్పు చాలు.)

ఓవెన్ 170 డిగ్రీలకి పెట్టండి. వెన్న, పంచదార తెల్లబడేదాకా బీటరుతో 3 నిమిషాలు కలపండి. పొడులన్నీ కలిపి జల్లించి వేసి, పాలు పోసి, ముద్ద అయ్యేంతవరకే చేత్తో కలపండి. ఎక్కువ పిసికితే బిస్కట్ గుల్లగా ఉండదు, గట్టిపడుతుంది. 20 గ్రాముల ఉండలు చేసి, అరచేత్తో చిటికెనవేలి మందాన నొక్కి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం ఈ అరగంట తప్పనిసరి, లేకపోతే ఓవెన్లో పరుచుకుపోతాయి. పైన పాలు రాసి, మధ్య అరలో 14 నుంచి 16 నిమిషాలు. అంచులు లేత గోధుమ రంగుకి రావాలి. తీసినప్పుడు నడుమ మెత్తగానే ఉంటాయి, కంగారు పడి మళ్లీ పెట్టకండి; చల్లారాక గుల్లబారతాయి. గాలి చొరని డబ్బాలో వారం, వానాకాలం నాలుగు రోజులు."

రెండిటి మధ్య పదకొండు ప్రయత్నాలున్నాయి.

సరుకులు వాడే వరసలోనే రాయాలి. పంచదార రెండుచోట్ల వాడితే జాబితాలోనే విడగొట్టి చెప్పాలి. సమయం పక్కన ఎప్పుడూ ఒక గుర్తు ఉండాలి. నిమిషాలు ఓవెన్‌ని బట్టి మారతాయి, రంగూ వాసనా మారవు. హెచ్చరిక ఆ పని చెప్పే చోటే ఉండాలి. పేజీ చివర "గమనిక" అని పెడితే అప్పటికి కేకు ఓవెన్లో ఉంటుంది. "తగినంత" అన్న మాట పప్పులో ఉప్పుకి సరే, బేకింగ్‌లో దాన్ని మర్చిపోండి.

తెలుగు మాటల సంగతి మొదటే తేల్చుకోండి. ఫోల్డ్ చేయడాన్ని "మడత పెట్టడం" అని రాసినవాళ్లని చూశాను, చదివినవాళ్లు చపాతీ అనుకుంటారు. నేను "గరిటెతో అడుగునుంచి పైకి తిరగేస్తూ, నురగ చావకుండా కలపాలి" అని రాశాను. ఓవెన్, బటర్ పేపర్, క్రీమ్ అలాగే ఉంచాను. "గరిటె జారుడు", "గుల్లబారడం", "పుల్ల గుచ్చితే తడి అంటకూడదు" లాంటి మంచి మాటలు మన వంటింట్లోనే బోలెడు ఉన్నాయి. ఒక పనికి ఒకే మాట, పుస్తకమంతా.

ఎవరి వంట ఎవరిది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. వంట ఆలోచన మీద, ఉత్త సరుకుల కొలతల మీద హక్కు ఎవరికీ రాదు. ఆ వంటని చెప్పిన తీరు, వాక్యాలు, ఫొటోలు మాత్రం రాసినవాళ్ల సొత్తు; రచన మీద హక్కు రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. అంచేత వేరేవాళ్ల పుస్తకంలో వంట నచ్చితే చేసుకోండి, మార్చుకోండి, మీ చేత్తో మళ్లీ పరీక్షించి మీ మాటల్లో రాయండి. మూలం ఎవరిదో ఒక వాక్యంలో చెప్పండి. చట్టం అడగకపోయినా మర్యాద అడుగుతుంది. మా పక్కింటి మామ్మగారు చెప్పిన ప్లమ్ కేకు పేజీలో, ఆవిడని అడిగే, ఆవిడ ఇంటి వంటని చెప్పాను.

ఫొటోలు

క్లుప్తంగా. కిటికీ పక్కన, పగటి వెలుగు, లైట్లన్నీ ఆర్పేసి. పుస్తకం మొత్తానికి ఒకే కిటికీ, దగ్గరదగ్గరగా ఒకే వేళ. ఫోనుతో తీసినా పర్లేదు, కానీ వాట్సాప్‌లో పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. అసలు ఫైలే దాచండి. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 6 బై 8 అంగుళాల పేజీకి 1800 బై 2400 పిక్సెళ్లు. తెర మీద వెలిగిపోయే ఎరుపు అచ్చులో ఇటుక రంగుకి దిగుతుంది, ఎందుకంటే ప్రెస్సు నాలుగు సిరాలతో పనిచేస్తుంది. ఒక పేజీ నమూనా ముందే వేయించి చూడండి. ప్రతి వంటకీ ఫొటో అక్కర్లేదు. పిండి ఏ జారుడులో ఉండాలో చూపించే ఫొటో, అలంకరించిన కేకు ఫొటో కంటే ఎక్కువ పనికొస్తుంది.

టైపు, ప్రూఫు: ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది

తెలుగు పుస్తకాలకి డీటీపీ (కంప్యూటర్లో పేజీలు పేర్చడం) చేసే చోట చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే వాడతారు. మీరు ఫోన్లోనో కంప్యూటర్లోనో కొట్టేది యూనికోడ్, అందులో అక్షరాలు దాచే పద్ధతే వేరు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతాయి. వాటిని కన్ను పట్టుకుంటుంది. పట్టుకోనివి భిన్నాలు.

నా రెండో ప్రూఫులో (అచ్చుకి ముందు సరిచూసుకునే పేజీల్లో) అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపించింది. కానీ "1½ టీస్పూన్ బేకింగ్ పౌడర్" అన్నచోట "1 టీస్పూన్" అని ఉంది. ½ గుర్తు ఆ ఫాంటులో లేదు, చప్పుడు లేకుండా రాలిపోయింది. వత్తు పోతే తప్పని తెలుస్తుంది. ఇక్కడ మిగిలిన వాక్యం చూడ్డానికి పూర్తిగా సరైనదే. పుస్తకంలో అలాంటివి ముప్పై ఏడు దొరికాయి. అప్పుడు భిన్నాలన్నీ అక్షరాల్లోకి మార్చాను: ఒకటిన్నర, ముప్పావు, పావు. మన భాషకి ఆ సౌకర్యం ఉంది, వాడుకోవాలి.

వీలైతే పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంటుతోనే పెట్టించండి. మండలి లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఏ దారిలో వెళ్లినా ప్రూఫు ఇద్దరు కలిసి చూడాలి: ఒకరు మీ అసలు కాగితంలోంచి అంకెలు బయటికి చదవాలి, ఒకరు ప్రూఫులో టిక్కు పెట్టాలి. అంకెలు మాత్రమే. కథలూ ముందుమాటలూ ఇంకో రోజు.

ప్రచురణ సంస్థా, సొంతంగానా

ఇంగ్లిష్‌లో రాస్తే పెద్ద సంస్థలకి ప్రతిపాదన పంపవచ్చు: పుస్తకం దేని గురించో ఒక పేజీ, విషయసూచిక, ఫొటోలతో మూడు నాలుగు వంటలు, ఎవరు కొంటారనుకుంటున్నారో. ఒప్పందం వస్తే రాయల్టీ (అమ్మిన ప్రతి పుస్తకం మీద మీకు వచ్చే వాటా) దేని మీద లెక్కిస్తారో చూడండి, అచ్చు ధర మీదా, వాళ్లకి చేరే డబ్బు మీదా అని. ఫొటోల ఖర్చు ఎవరిది, అనువాద హక్కు ఎవరిది, పుస్తకం అచ్చులో లేకుండా పోతే హక్కు తిరిగి మీకు వస్తుందా అన్నవి తర్వాత. మీ దగ్గరే డబ్బు తీసుకుని "మేం ప్రచురిస్తాం" అనేవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: అచ్చుకి వెళ్లే చివరి పీడీఎఫ్ నాకు ఇస్తారా? అది చేతిలో ఉంటేనే రేపు ఇంకోచోట వేయించుకోగలరు.

తెలుగులో చాలామంది రచయితలు సొంతంగానే వేసుకుంటారు, వంటల పుస్తకానికి అదేమీ చిన్నతనం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఇర్మా రోంబావర్ 1931లో 'ది జాయ్ ఆఫ్ కుకింగ్' అనే తన వంటల పుస్తకాన్ని సొంత డబ్బుతో 3000 ప్రతులు వేయించుకుంది; 1936లో ఒక ప్రచురణ సంస్థ తీసుకున్నాక అది తరాల తరబడి అమ్ముడుపోయింది. మద్రాసులో ఎస్. మీనాక్షి అమ్మాళ్‌కి వంటలు ఎలా చేయాలో చెప్పమని బంధువుల నుంచి ఉత్తరాలు వస్తుంటే, ఒక్కొక్కరికీ రాసే బదులు పుస్తకం వేయమని బంధువైన ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. 1951లో ఆవిడే అచ్చు వేయించుకున్నారు. పిన్ని ఫోను లాంటిదే ఆ ఉత్తరాల గొడవ కూడా.

సొంతంగా వేస్తే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రచయితలకి కూడా ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చట్టం చెప్పే మరో మూడు గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి. అది 1954 నాటి చట్టం. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు.

ప్రెస్సు వాళ్ల లెక్క ఫారాల్లో ఉంటుంది. ఫారం 16 పేజీలు. మీ పుస్తకం 163 పేజీలు వచ్చిందంటే మూడు పేజీల కోసం ఇంకో ఫారం పడుతుంది, 160కి కుదించండి. రంగు ఫొటోలన్నీ ఒకటి రెండు ఫారాల్లోకి సర్ది ఆర్ట్ పేపర్ (నున్నగా మెరిసే కాగితం) మీద వేసి, మిగతాది మామూలు మ్యాప్‌లిథో కాగితం మీద ఒకే రంగులో వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. రెండు మూడు వందల ప్రతులైతే డిజిటల్ ముద్రణ, వెయ్యి అయితే ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే ముద్రణ).

బైండింగ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నేను మొదటిసారి ఉత్త జిగురు బైండింగ్ వేయించాను. పుస్తకం తెరిచి గట్టు మీద పెడితే మూసుకుపోతుంది. ఒకావిడ అప్పడాల కర్ర అడ్డం పెట్టుకుని చదువుతున్న ఫొటో పంపింది. కుట్టు బైండింగ్ అడగండి. కవరుకి లామినేషన్ ఉంటే పిండి చేతులతో పట్టుకున్నా తుడుచుకోవచ్చు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. వెయ్యి ప్రతులు, టైపు నుంచి బైండింగ్ దాకా ప్రతికి 160 రూపాయలు పడిందనుకుందాం; మొత్తం 1,60,000. ధర 400 పెడితే, దుకాణం 40 శాతం తీసుకుంటే మీ చేతికి 240. అలా అయితే 667వ ప్రతి అమ్మాకే పెట్టుబడి తిరిగొస్తుంది. బంధువులకి ఊరికే ఇచ్చే వంద ప్రతులు ఇందులో కలపలేదు. మొదటిసారి వెయ్యి వేయకండి. నేను వేశాను. మంచం కింద రెండేళ్లు ఉన్నాయి.

అమ్మడం, ఆపైన

నవంబరుకల్లా పుస్తకం చేతికి వచ్చేలా చూసుకోండి. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. పైగా మన దగ్గర ఓవెన్లు దుమ్ము దులిపేది క్రిస్మస్‌కే. స్టాలు దగ్గర బిస్కట్లు పెడితే జనం ఆగుతారు. అమ్మేటట్టయితే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను అమ్మలేదు, పళ్లెంలో రాగి బిస్కట్లు పెట్టి 61వ పేజీ తెరిచి పక్కన ఉంచాను.

తప్పులు వస్తాయి. ఎంత చూసినా వస్తాయి. పుస్తకంలో ఒక మెయిల్ చిరునామా ఇచ్చి, వచ్చిన ప్రతి ఫిర్యాదునీ ఒక ప్రతి మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకోండి. రెండో ముద్రణకి అదే మీ ప్రూఫు. నా ప్రతిలో ఇప్పటిదాకా పంతొమ్మిది ఉన్నాయి. 34వ పేజీలో మూడు గుడ్లు అడిగి రెండే వాడాను. 88వ పేజీలో బన్నులు ఎన్ని వస్తాయో చెప్పలేదు. ఒక తెనాలి ఆయన కొలతలన్నీ తూచి, నా జీడిపప్పు కేకు నేను చెప్పిన టిన్నులో పట్టదని లెక్క కట్టి పంపాడు, ఆయన చెప్పిందే నిజం.

అరటిపండు కేకు పేజీలో ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు. మైదా 180 గ్రాములు అని స్పష్టంగా ఉంది. అది గ్లాసుకి ఎంత అవుతుందో పక్కన రాయమని పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.